స్కోరు బల్ల దగ్గర

రేకుల కప్పు మీద వాన మొదలైతే
ఈల ఆమె నోట్లోనే ఉండిపోతుంది.
బుగ్గలు ఉబ్బడం కనిపిస్తుంది, అంతే.
అందుకే నేను చేతుల్నే చూస్తాను.

సమార్ దీవి. జెట్టీ వెనకాల కోర్టు.
ఒక రింగుకి అసలు వల,
రెండోదానికి చిరిగిన చేపల వల ముక్క.
పేట పండగ లీగు. గెలిస్తే పంది,
ఓడితే చేతులు దులుపుకోవడమే.
నా పని రాయడం,
హెర్మీనియా లబాస్తీదా పని చెప్పడం.
ఇద్దరి మధ్యా పదిహేను అడుగుల హోరు.

పొద్దున ఆ చేతులే
బంగుడు చేపల కడుపులు చీలుస్తాయి.
ఎంత సబ్బు రుద్దినా సాయంత్రానికి
గోళ్ల పక్కన ఒకటో రెండో పొలుసులు.
చెయ్యి లేచిందంటే ముందు ఆ మెరుపు,
తర్వాతే అర్థం.

పిడికిలి లేస్తే
ఎవడో ఎవడి మీదో చెయ్యి చేసుకున్నాడు.
విప్పిన అరచెయ్యి లేస్తే
దెబ్బ ఒంటికి కాదు, నియమానికి తగిలింది.
లంగరు తాడు చుట్టినట్టు
రెండు పిడికిళ్లూ గిరగిరా తిప్పితే
కుర్రాడు బంతి పట్టుకుని అడుగులెక్కువేశాడు.
రెండు చేతులూ నడుం మీద పెడితే,
అచ్చం మా అమ్మ గుమ్మంలో నిలబడ్డట్టే,
దారికి అడ్డమొచ్చాడు.
అరచేతి మీద అరచెయ్యి నిలబెడితే
నోరు జారినవాడికి శిక్ష,
ఒక్క మాటైనా అనకుండా.
రెండు బొటనవేళ్లు పైకెత్తితే
కొత్తవాళ్లు భేష్ అనుకుంటారు.
కాదు. బంతి ఇద్దరి మధ్య ఇరుక్కుంది,
ఎవరిదో తేలలేదు.

మొదటి ఏడాది ఆమె
రెండు చేతులూ నెత్తి మీదికి లేపితే
చేతులెత్తేసిందిరా అని నవ్వారు బెంచీల మీద.
చేతికి మూడేసి వేళ్లున్నాయని చూడలేదు.
నేను మూడు పాయింట్లు రాసుకున్నాను.

మొన్న ఫైనల్.
ఐసు ఫ్యాక్టరీకీ ఇనుప సామాన్ల కొట్టుకీ.
ఆరు సెకన్లు. ఐసువాళ్లు ఒక్క పాయింటు వెనక.
పన్నెండో నంబరు రెనాంతె
భుజం వంచి దూసుకొచ్చాడు,
ఎదుటివాడు వెల్లకిలా పడ్డాడు,
బంతి ఆ చేపల వలలోంచి జారింది.

పిడికిలి లేచింది.
పిడికిలి వచ్చి అరచేతిని గుద్దింది:
తప్పు బంతి ఉన్నవాడిదే.
చేతులు గుండెల మీద ఒక్కసారి
కత్తెరలా ఆడాయి:
ఆ రెండు పాయింట్లూ లేవు.
బల్ల ముందుకొచ్చి
కుడి పిడికిలి, ఎడమ రెండు వేళ్లు. పన్నెండు.

నేను కూర్చున్న చోటి నుంచి కనిపించింది,
పడ్డవాడి మడమ అప్పటికింకా జరుగుతూనే ఉంది.
ఆమెకి మధ్యలో ఎవడిదో వీపు.
రాసేవాడికి కళ్లుండకూడదు, కలమే ఉండాలి.
కలం ఎత్తి కూర్చున్నాను.

అప్పుడు చూసింది నేల మీద
మడమ ఈడ్చిన తడి గీత, మూరెడు పొడవు.
ఆమె చేతులు నడుం దాకా వచ్చాయి.
వచ్చి,
ఆగాయి.
తర్వాత ఒక వేలు
అవతలి రింగు వైపు చూపించింది.
రాశాను.

ఆ రాత్రి జిరాక్సు పుస్తకం తిరగేశాను.
ముఖం లేని మనిషి బొమ్మలు, పేజీకి ఆరు.
గడియారం ఆపమనడానికి ఉంది,
ఆటగాణ్ణి మార్చడానికి ఉంది,
తప్పు నాది అనడానికి లేదు.

తెల్లవారి చేపల బజారు.
రెనాంతె వీపు మీద గోనె, గోనె మీద ఐసు దిమ్మ.
వరసగా అందరికీ వేసుకుంటూ
ఆమె కొట్టు ముందు దించాడు.
తలెత్తలేదు.
ఆమె కత్తి పక్కన పెట్టింది.
చేతులు కడుక్కుని, లేచి నిలబడి,
నడుం మీద పెట్టుకుంది రెండూ.
అలాగే నిలబడింది, చాలాసేపు.
ఐసు ఆలస్యమైందని తిడుతోందనుకుంది పక్క కొట్టావిడ.

రెనాంతె చూశాడు.
కనుబొమలు ఒక్కసారి పైకెగరేశాడు.
మా దీవుల్లో సరే అనడానికి అది చాలు.
గోనె దులుపుకుని వెళ్లిపోయాడు.

నా కాగితం మీద మాత్రం
పన్నెండో నంబరు, నాలుగో ఫౌల్.
వాన చినుకులకి కాస్త అలుక్కుంది,
చెరగలేదు.
నేను అరకిలో బంగుడు అడిగాను.
తూకం ఎప్పటిలాగే.
ఒక్క తోక కూడా ఎక్కువ పడలేదు.